పెద్దవ్వ తీసిన ముద్ద

కబురు నాకు మొదట చెప్పింది కండక్టర్ శంకరయ్య.

ఆ మంగళవారం పొద్దున కరీంనగర్ బస్టాండులో కొండగట్టు బస్సు కోసం నిలబడి ఉన్నాను. చెల్లె బిడ్డకు సుఖంగా కాన్పు అయింది. తల్లీ పిల్లా బాగున్నారు. స్వామికి ఒక కొబ్బరికాయ కొట్టి, చేతులు జోడించి వద్దామని బయలుదేరాను. వారం రోజులుగా చెల్లె ఇంట్లోనే ఉన్నాను కాబట్టి మా ఊరి సంగతులేవీ నాకు తెలియవు. శంకరయ్య మా ఊరి మీదుగా పోయే బస్సులో కండక్టర్. నన్ను చూసి, టికెట్ మిషన్ మెడలో ఊగుతుండగానే దిగి వచ్చాడు.

"అక్కా, మీ ఊరి రాళ్లవ్వ పోయింది, తెల్వదా? మొన్న అన్నం తిని అరుగు మీద ఒరిగిందట. గట్లనే పోయిందట. మంచి చావు."

 ఆయన మెడలోని టికెట్ మిషన్‌ను సర్దుకున్నాడు. తర్వాత, "ఇగ నా బస్సుల రాళ్లెవలు ఎక్కిస్తరక్కా?" అన్నాడు.

ఏడవవలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. చావు కబురు చెప్పుకుని నవ్వుకుంటున్న మా ఇద్దరినీ పక్కనున్నవాళ్లు వింతగా చూశారు.

ఆమె నాకు వరసకు ఏమీ కాదు. మా ఊరి కమ్మరింటి ముసలమ్మ. రాళ్లవ్వ అన్నది శంకరయ్య పెట్టిన పేరు. ఊరంతా పెద్దవ్వ అంటారు, నేనూ అలాగే అన్నాను. సన్నగా, పొడుగ్గా ఉండేది. కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం కిందికి దిగి ఉండేది. ఎవరింటికి పోయినా గడప దాటకముందు తలుపు గొళ్లాన్ని గోటితో ఒకసారి కొట్టి, చెవి పెట్టి వినేది. "కల్తీ" అనో, "పర్వలేదు" అనో తీర్పు చెప్పి అప్పుడు లోపలికి వచ్చేది. కొత్త గేటు పెట్టించుకున్నవాళ్లు ఆమె వస్తుంటే లోపలికి పోయి దాక్కునేవారు.

శంకరయ్య అన్న రాళ్ల ముచ్చట ముందు చెప్పాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన కొత్తలో మేమిద్దరం కొండగట్టుకు పోయాం. దర్శనం చేసుకుని వస్తూ పెద్దవ్వ దారి వదిలి పక్కనున్న వాగులోకి దిగింది. కొంగు నడుముకు చుట్టి, వంగి వంగి రాళ్లేరింది. ప్రతి రాయినీ అరచేతిలో ఎగరేసి బరువు చూస్తుంది. పగిలిన కుండపెంకు మీద గీస్తుంది. నచ్చితే నాలుకతో ఒకసారి తాకి చూస్తుంది. సంచి నిండేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

ఆ సంచిని ఇద్దరం మోసుకుని బస్సు ఎక్కితే శంకరయ్య అడ్డం నిలబడ్డాడు.

"సంచిల ఏందవ్వా?"

"రాళ్లు."

"రాళ్లా! లగేజీ టికెట్ తీస్కోవాలె మరి."

"ఎందుకు? ఆడోళ్లకు పుక్కట్లనే గదా."

"నీకు పుక్కట్ల. రాళ్లకు గాదు."

"గీ రాళ్లు గూడ ఆడోళ్లే బిడ్డా. కడుపుతోని ఉన్నయి. ఎత్తి చూడు, ఎంత బరువున్నయో."

బస్సంతా నవ్వింది. శంకరయ్య ఒక రాయి ఎత్తి చూశాడు. అనుకున్నదానికి రెండింతలు బరువుంది. మెల్లగా దించి, ముఖం గంభీరంగా పెట్టి, "గట్లయితె ఈమె ఆధార్ కార్డేది?" అన్నాడు.

"నీ బస్సుకున్నదా?" అంది పెద్దవ్వ. బస్సు మెట్టు పక్కన రేకును గోటితో గీకింది. ఎర్రటి పొడి రాలింది. "గిది చూడు. తుప్పంటె ఏందనుకున్నవ్? ఇనుము మల్ల రాయి అయితందుకు పుట్టింటికి పోతున్నది. ఇంక కొన్నొద్దులైతె నీ బస్సే పెద్ద రాయి. గప్పుడు నువ్వు దేనికి టికెట్ కొడ్తవు?"

లగేజీ టికెట్ కొట్టలేదు. ఆ తర్వాత ఆమె సంచితో ఎప్పుడు ఎక్కినా శంకరయ్యే ముందు కేక వేసేవాడు. "కడుపుతోని ఉన్నోళ్లొచ్చిండ్రు, జర సీటియ్యుండ్రి!"

నేను ఆమెకు దగ్గరైంది మాత్రం నా తెలివితక్కువ వల్ల.

కొత్త కోడలిగా ఆ ఊరికి వచ్చిన ఏడాది, పొలం గట్టు మీద నాకొక రాయి దొరికింది. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. తేనె కారి అక్కడే గడ్డకట్టినట్టు మీద మడతలు మడతలుగా ఉంది. అలాంటి రాయి మా పుట్టింటి వైపు ఎక్కడా చూడలేదు. నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా బాపు, అంటే నాన్న, ఇంట్లోనే పలక పట్టించి అక్షరాలు దిద్దించాడు, దొరికిన పుస్తకమల్లా చదివించాడు. రాయిలో దేవుణ్ణి చూడడం మాత్రం నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. స్వామి తనంతట తాను నా కాలికి తగిలాడనుకున్నాను. కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, దేవుని గూట్లో నిలబెట్టాను. రోజూ ఒక పువ్వు పెట్టి, నాకు తోచిన నాలుగు మాటలు చెప్పుకునేదాన్ని. ఆరు నెలలు అలా గడిచాయి.

ఒకరోజు పెద్దవ్వ మా కొడవలికి పదును పెట్టి తెచ్చింది. గొళ్లం కొట్టి, తీర్పు చెప్పి, లోపలికి వచ్చి గూటి వైపు చూసింది. ఇక చూడండి, ఆమె నవ్వు! గోడ పట్టుకుని, కిందికి జారి కూర్చుని నవ్వింది.

"ఓ బిడ్డా! గిది దేవుడు గాదే! మా తాత పారేసిన కసువు!"

వంటింట్లోంచి మా అత్తమ్మ నవ్వు కూడా వినిపించింది. నా ముఖం మండిపోయింది. ఆరు నెలలుగా చెత్తకు మొక్కానా అని కళ్లనీళ్లు తిరిగాయి. రాయిని తీసేద్దామని చెయ్యి చాపాను. పెద్దవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఆకురాయిలాంటి చెయ్యి.

"ఆగు. కసువన్న గని తియ్యమన్ననా? గిది చిట్టెం. ఇనుము పుట్టినప్పుడు పడ్డ మాయ. కాన్పు జేసినామె మాయను యాడ పడితె ఆడ ఇసిరేస్తదా? మర్యాదగ పూడ్చిపెడ్తది. నువ్వు మొక్కితె ఏం తప్పయింది? తల్లి కడుపుల బిడ్డను కాసింది గదే గదా. ఉండనియ్యి. బొట్టు గూడ మంచిగనే కుదిరింది."

ఆమె అంత నవ్వినందుకు ఆ పూట కోపం వచ్చింది కానీ, ఆ తర్వాతి మాటకు నేనిప్పటికీ కృతజ్ఞురాలిని. ఉన్న నమ్మకాన్ని చెడగొట్టకుండా తెలియని సంగతి చెప్పడం అందరికీ రాదు.

ఆ రోజునుంచి పదును పెట్టే పని ఉన్నా లేకున్నా ఆమె దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. ఆమె చెప్పింది ఇక్కడ నా మాటల్లో రాస్తాను, తప్పులుంటే నావి.

ఇనుము నేలలో విడిగా దొరకదు. గాలిలో ఒక గుణం దాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ ఇద్దరూ కలిసి ఉన్నదే ఇనుపరాయి. బొగ్గు మంటలో ఆ రాయి కాలితే, బొగ్గు ఆ గాలి గుణాన్ని తనవైపు లాగేసుకుంటుంది. ఇనుము ఒంటరిగా మిగులుతుంది. రాయిలోని మిగతా మట్టీ మశానం కరిగి చిట్టెంగా కారిపోతుంది. "పట్టుకున్నోన్ని ఇడిపియ్యాలె, గంతే పని" అనేది పెద్దవ్వ.

"మరి ఎర్రమట్టిలో కూడా ఇనుమే ఉందంటారు కదా, దాన్నెందుకు కాల్చరు?" అని అడిగాను, బాపు చదివించిన పుస్తకం గుర్తొచ్చి.

"ఉంటది. అన్నిట్ల ఇంతంత ఉంటది. బొగ్గు కాల్చిన కష్టానికి తగ్గంత ఉంటెనే అది ఇనుపరాయి. లేకుంటె ఉత్త మట్టి."

మా ఆయన గ్రానైట్ లారీ నడుపుతాడు. ఒకసారి ఆయన తన లారీలోని నున్నటి రాయిని చూపించి, ఇది ఎన్ని దేశాలకు పోతుందో తెలుసా అని గొప్పలు పోయాడు. పెద్దవ్వ దాన్ని గోటితో కొట్టి చూసింది. "సోకులది. కడుపు లేదు" అంది. ఆయన ఆ తర్వాత ఆమె ఎదుట లారీ ఆపలేదు.

చరిత్ర విషయంలో మాకు తగవులయ్యేవి. మనుషులకు మొదట దొరికిన ఇనుము ఆకాశం నుంచి రాలిపడ్డ ముక్కలేనని బాపు పుస్తకంలో ఉంది. రాయి నుంచి తీయడం ఆ తర్వాత ఎప్పుడో, రాగి తీసే విద్య వచ్చాక నేర్చుకున్నారట. అది చదివి వినిపిస్తే పెద్దవ్వ మూతి తిప్పింది. "ఆకలైతె మొగులు దిక్కు చూస్తరా, పొయ్యి దిక్కు చూస్తరా? కుండలు కాల్చిన బట్టిల ఎర్రరాయి పడి ఉంటది. పొద్దుగాల బూడిద ఎత్తుతుంటె చేతికేదో తగిలి ఉంటది. మంట ముంగట కూసున్నోళ్లకే దొరికి ఉంటది."

మా ఊరి అవతల గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద బండలున్నాయి. రాకాసి గుళ్లంటారు. ఎప్పటివాళ్లో చనిపోయినవారిని అక్కడ పెట్టి, చుట్టూ బండలు నిలబెట్టారు. అలాంటి చోట్ల తవ్వితే ఎముకల పక్కన ఇనుప కొడవళ్లు, బల్లేలు దొరుకుతాయని విన్నాను. పెద్దవ్వకు చెబితే, "చచ్చినోనికి గూడ కొడవలిచ్చి పంపిండ్రా! ఆడికి పోయినంక గూడ పని తప్పలేదన్నట్టు" అని జాలిపడింది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఈ వైపు ఊళ్లలో ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, తంగేడు ఆకు వేసి, మూత బిగించి మళ్లీ కాల్చి ఉక్కు చేసేవారు. ఆ ఉక్కు అరబ్బు దేశాల దాకా పోయి కత్తులయ్యేదని నేను చదివాను. వాళ్ల తాత చెప్పగా ఆమె విన్నది. "ఎన్కట మా ఉక్కు పోయింది. ఇప్పుడు నా మనుమడు పోయిండు, దుబాయిల ఏసీలు బాగుజేస్తడు. మొత్తానికి గా దేశపోళ్లకు మేం లేక గడువది" అని నవ్వేది.

మామూలు కమ్మరి తయారైన ఇనుమును కాల్చి, సాగగొట్టి పనిముట్లు చేస్తాడు. పెద్దవ్వ పుట్టింటివాళ్లు అసలు రాయి నుంచి ఇనుము తీసినవాళ్లు. కొలిమిలోంచి మొదట బయటికొచ్చే ఇనుము ముద్దలా ఉంటుంది కాబట్టి వాళ్లను ముద్ద కమ్మరులనేవారు. ఆమెను పక్క వీధిలోకే ఇచ్చారు కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ మా ఊరే. ఊరి చివర ఒక చిట్టెపు గడ్డ ఉంది. తరతరాలుగా వాళ్లు పారబోసిన చిట్టెం పేరుకుని గుట్టంత అయింది. నా దేవుడు దొరికిందీ ఆ గడ్డ దాపునే. ఆఖరి ముద్ద తీసినప్పుడు పెద్దవ్వకు పాలపళ్లు ఊడుతున్నాయట. ఆ తర్వాత బజారు ఇనుము చవకగా వచ్చింది, కొలిమి ఆరిపోయింది.

పోయినేడు ఎండాకాలం వాగు దాకా రోడ్డు వేయాలనుకున్నారు. గుంతలు నింపడానికి చిట్టెం బాగుంటుందని ఎవరో చెప్పారు. ఒకరోజు పొద్దున మిషన్ వచ్చి గడ్డకు ఒక మూల తవ్వింది.

పెద్దవ్వ పంచాయతీ ఆఫీసుకు పోతానంది. నన్ను తోడు రమ్మంది. దారి పొడుగునా ఏ గొళ్లాన్నీ కొట్టలేదు. అప్పుడే నాకు భయమేసింది.

సర్పంచ్ మంచివాడే. కుర్చీ వేయించాడు. "పెద్దవ్వా, కసువు గడ్డ మీద గింత ప్రేమేంది? రోడ్డయితె నీకే మంచిది."

"రోడ్డు కావాలె. గడ్డ గూడ ఉండాలె. నా కొడుకు గేట్లు వెల్డింగ్ జేస్తడు. మనుమడు ఏసీలు జేస్తడు. ఇనుము తీసినోళ్లు గీ ఊళ్లె ఉండె అని చెప్పేది గా ఒక్క గడ్డనే బిడ్డా. అది పోతె మేం లేనట్టే."

అక్కడున్న ఒకాయన నవ్వాడు. "రాళ్లల్లకెళ్లి ఇనుము తీసిండ్రంటవు. ఎవలు చూసిండ్రు? కథలు గావచ్చు."

పెద్దవ్వ ఆయన వైపు తిరగలేదు. సర్పంచ్‌నే చూసింది. "తీసి చూపిస్తె?"

సర్పంచ్ కూడా నవ్వులాటగానే అన్నాడు. "చూపియ్యి పెద్దవ్వా. గడ్డ జోలికి రాం. నెలరోజులు ఆగుతం."

బయటికి వచ్చాక ఆమె నా చెవిలో, "నేను ఒక్కపారే చూసిన్నే. గప్పుడు గూడ సగం నిద్రల ఉన్న" అంది. ఆ తర్వాత మొదటిసారి ఆ రోజు నవ్వింది.

ఆ నెల రోజులు ఆమెకు ఎనభై దాటాయని ఎవరికీ గుర్తులేదు. వాగు ఇసుకలో పాత రేడియో స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి ఈడ్చింది. నల్ల ఇసుక దానికి గడ్డంలా అంటుకునేది. కొండగట్టు నుంచి, ఇంకెక్కడెక్కడినుంచో రాళ్లు తెచ్చింది. శంకరయ్య బస్సు ఆ నెలంతా కడుపుతో ఉన్నవాళ్లతోనే తిరిగింది. రాళ్లను కాల్చి, దంచి, సెనగగింజలంత చేసింది. గడ్డ దగ్గర ఛాతీ ఎత్తు మట్టి కొలిమి కట్టింది. ఇంటి వెనుక ఒక చిన్న కొలిమిలో ముందుగా చేసి చూస్తే గాలి చాలక అంతా నల్లటి గాజులా గడ్డకట్టింది. కొడుకు తల పట్టుకున్నాడు. "అవ్వా, ఊళ్లె ఇజ్జత్ పోతది, ఇడిసిపెట్టు" అన్నాడు. మరునాడు తనే షాపులోంచి కరెంటు గాలి మిషన్ మోసుకొచ్చాడు.

"కరెంటు గాలైతేంది, గాలి గాలే" అని ఆమె ఒప్పుకుంది. అయినా అటక మీది పాత మేకతోలు తిత్తులు రెండూ దింపి, ఆముదం రాసి పక్కన పెట్టుకుంది.

చాటింపు పని నాది. ఊరి వాట్సాప్ గ్రూపులో నా చేతులతో రాశాను. "ఆదివారం పొద్దున చిట్టెపు గడ్డ దగ్గర పెద్దవ్వ ముద్ద తీస్తుంది. ఊరివారందరూ తప్పక రావలెనని మనవి." చక్కటి భాషలో రాశానని సంబరపడ్డాను కూడా. పంచాయతీ మైకులో దాన్ని మూడుసార్లు చదివారు. చదివినాయన తన వంతుగా "సకుటుంబ సమేతంగా" అని కలిపాడు.

ఆదివారం ఎనిమిది కొట్టేసరికి ఊరు ఊరంతా వచ్చింది. గిన్నెలతో, టిఫిన్ డబ్బాలతో వచ్చింది. ఒకాయన బకెట్ తెచ్చాడు. ఇంట్లో పొయ్యి ముట్టించినవాళ్లు లేరు. బకెటాయన కొలిమి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "యాటను కోసిండ్రా, కోళ్లేనా?" అని అడిగాడు.

పెద్దవ్వ కొలిమిలోకి ఒక గంప బొగ్గు, ఒక చేట రాయి వంతులవారీగా పోస్తూ వెనక్కి చూసింది. గిన్నెలు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏం రాసినవే బిడ్డా?"

"ముద్ద తీస్తావనే రాశాను పెద్దవ్వా."

ఆమెకు అర్థమైంది. బకెటాయన వైపు తిరిగి, "ఇనుప ముద్ద బిడ్డా! నములుతవా? పండ్లున్నయా నీకు?" అంది.

గోల మొదలైంది. కొందరు నవ్వారు, కొందరు గొణిగారు. సర్పంచ్ కూడా టిఫిన్ చేయకుండా వచ్చానని ఒప్పుకున్నాడు. తప్పు నాది. అత్తమ్మను తీసుకుని ఇంటికి పరుగెత్తాను. ఆరుగురు ఆడవాళ్లు అడగకుండానే వెంట వచ్చారు, వాళ్ల చేతులు చల్లగుండాలి. గంజుల నిండా అన్నం, పప్పుచారు పొయ్యిమీదికెక్కించి, ఇంకో మూడు గంటలు పడుతుందని చెబుదామని నేను తిరిగి వచ్చాను. అప్పటికి అందరూ లేచి కొలిమి చుట్టూ నిలబడి ఉన్నారు.

గాలి మిషన్ ఆగిపోయింది. తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి కరెంటు తీశారట. ఎప్పుడిస్తారో తెలియదు. కొలిమి పైన మంట పొట్టిదైపోతోంది. పెద్దవ్వ కొడుకు ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

"సల్లారితె అంతే" అంది పెద్దవ్వ. అప్పటికే తిత్తుల మూతులు మట్టి గొట్టానికి బిగిస్తోంది. "లోపల సగం పుట్టి ఉన్నది. ఇప్పుడు ఇడిసిపెడ్తె తల్లీ దక్కది, పిల్లా దక్కది. ఎవలన్న రాండ్రి. ఒకటి ఒత్తితె ఒకటి లేవాలె, ఆగొద్దు."

ఎవరూ కదల్లేదు. ఆమె తనే రెండు చేతులతో మొదలుపెట్టింది. పదో ఒత్తుకే తిత్తి సగమే లేచింది. మొదట ముందుకు వచ్చింది బకెటాయన. బకెట్ బోర్లించి, దానిమీద కూర్చుని ఒక తిత్తి అందుకున్నాడు. రెండోదానికి కొడుకు వచ్చాడు. వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు. "ఒత్తనోళ్లకు బువ్వ లేదు!" అని పెద్దవ్వ ప్రకటించింది. ఇక వరస కట్టారు. ఆఫీసులో కథలు గావచ్చు అన్నాయన చొక్కా విప్పి ఒత్తాడు. సర్పంచ్ వంతులో తాళం తప్పితే, "ఓట్లప్పుడు మంచిగనే ఒత్తిపిచ్చుకున్నవ్ గదా, ఇప్పుడేమాయె!" అని ఎవరో అరిచారు. ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు, ఒత్తడం మాత్రం ఆపలేదు.

మంట మళ్లీ పైకి లేచింది. పెద్దవ్వ కొలిమి అడుగున మట్టి బిరడా పొడిచింది. ఎర్రగా, చిక్కగా, బెల్లం పాకంలా చిట్టెం పాకుతూ బయటికి వచ్చింది. చల్లారుతూ నల్లబడి, మడతలు మడతలుగా గడ్డకట్టింది. పుట్టినప్పటినుంచి ఆ గడ్డ మీద నడిచినవాళ్లు ఒకసారి ఆ మడతలను, ఒకసారి తమ కాళ్ల కిందికి చూసుకున్నారు. నేను లోపల్లోపలే దండం పెట్టుకున్నాను.

కొలిమి ముందు గోడ పగలగొట్టేసరికి మధ్యాహ్నం దాటింది. కొడుకు పట్టకారుతో ముద్దను బయటికి లాగాడు. పీచు తీయని కొబ్బరికాయంత ఉంది. గుంతలు గుంతలుగా, ఎంత వికారంగా ఉందో చెప్పలేను.

"ఇదేంది పెద్దవ్వా" అన్నాడు సర్పంచ్ మెల్లగా. "గిది గూడ చిట్టెమే గదా?"

 "కొట్టు" అంది పెద్దవ్వ కొడుకుతో. సమ్మెట దెబ్బ పడింది. ముద్ద మీది పెంకు ముక్కలు చెక్కలై నాలుగు వైపులా ఎగిరింది. "అయ్యో" అని ఊరంతా ఒక్కసారి అంది. కొడుకు సమ్మెట దించేశాడు.

"ఎందుకు ఆగినవ్? మాయ పడ్డది బిడ్డా, మాయ! ఇంక కొట్టు."

రెండో దెబ్బ, మూడో దెబ్బ. మళ్లీ నిప్పుల్లో పెట్టి మళ్లీ కొట్టాడు. బొద బొదమనే మోత కొంచెం కొంచెంగా మారింది. ఎన్నో దెబ్బకో తెలియదు, ఖంగుమంది. గుడిగంటలా కాదు, ఇనుములాగే ఖంగుమంది. ముక్కలు కాకుండా సాగింది. పెద్దవ్వ కళ్లు మూసుకుని, చెవి పెట్టి విన్నది. మేమందరం ఆమె ముఖమే చూస్తున్నాం.

"పర్వలేదు" అంది.

సర్పంచ్ మిషన్‌వాళ్లకు అక్కడినుంచే ఫోన్ చేశాడు. తవ్విన మూల పోయింది, మిగతా గడ్డ నిలిచింది. ఊరంతా గడ్డ చుట్టూ కూర్చుని అన్నం తిన్నది. బకెటాయన బకెట్‌లోనే పెట్టించుకున్నాడు. దేవుడు నా చేత తప్పు రాయించకపోతే తిత్తులు ఒత్తడానికి అంతమంది వచ్చేవారా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ తప్పుకూ దండమే.

గడ్డ దగ్గర ఒక బోర్డు పెట్టిస్తామన్నారు. మాటలు నన్నే రాయమన్నారు. ఈసారి మూడుసార్లు చదువుకుని రాశాను. "ఇక్కడ ముద్ద కమ్మరులు రాతి నుంచి ఇనుము తీశారు." కింద ఒక పేరు ఉంటే బాగుంటుందని పెద్దవ్వ దగ్గరికి పోయాను.

"నీ పేరు రాస్తాను పెద్దవ్వా."

"నాదెందుకు? ఒక్క ముద్ద దీసిన, అది గూడ ఊరంత కలిసి."

"అయితే మీ తాత పేరు?"

 ఆమె చేతిలో ఉన్న రాయిని తిప్పుతూ కూర్చుంది.

"తాత కొలిమి కాడ కూసున్నడు, నిజమే. రాయి తెచ్చిందెవలు? మా నాయనమ్మ. గుట్ట మీదికెళ్లి గంపలు గంపలు నెత్తిన మోసింది. ఏ రాయిల ఉన్నది, ఏ రాయిల లేదు, ఆమెకే ఎరుక. తాతకు తెల్వది. ముద్ద బయటికొచ్చినంక నలుగురు తాతను మెచ్చుకున్నరు. ఆమె గప్పటికే ఖాళీ గంప ఎత్తుకొని మల్ల గుట్టకు పోయింది. సగం నిద్రల గూడ నేను చూసింది గుట్టకు పోతున్న ఆమె వీపు. ఆమె పేరు రాయి."

"ఏం పేరు పెద్దవ్వా?"

ఆమె చేతిలో తిరుగుతున్న రాయి ఆగింది. "నాయనమ్మ అనే పిలిచిన, పేరు తెల్వది" అంది.

సుల్తానాబాద్‌లో వాళ్ల వంశంలో ఇంకా పెద్దామె ఒకరున్నారు. ఈసారి రాళ్ల సంచి లేకుండా ఇద్దరం శంకరయ్య బస్సెక్కి పోయాం. ఆ పెద్దామె బాగా ఆలోచించి, "ముద్దోళ్లామె అనేటోళ్లు" అంది. అంతకుమించి ఎవరికీ తెలియదు. వచ్చేటప్పుడు పెద్దవ్వ కిటికీలోంచి చూస్తూ, "బతుకంత రాళ్లను అడిగిన, నీ లోపలేమున్నదని. ఆమెను పేరడగలే నేను" అంది. తర్వాత తనే నా తొడ మీద చరిచి నవ్వింది. బోర్డు మీద ఒక గీత గీయించి, పేరు దొరికేదాక ఖాళీగా ఉంచమంది. పెయింటర్ రెండుసార్లు అడిగాడు, గీత మీద ఏం రాయాలమ్మా అని.

శంకరయ్య కబురు చెప్పిన ఆ మంగళవారం కొండగట్టులో కొబ్బరికాయ రెండు పేర్ల మీద కొట్టించాను, ఒకటి పుట్టిన పిల్లకు, ఒకటి పోయిన పెద్దవ్వకు. సాయంత్రం ఊరికి పోయేసరికి కొడుకు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "అక్కా, గా గీత మీద ఇగ అవ్వ పేరే రాయిద్దాం. ఆమెకన్న ఎక్కువెవలున్నరు?"

ఆయన దుఃఖానికి అడ్డు చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆమె ఖాళీగా ఉంచమన్న చోట ఆమెనే రాయడం కూడా నాకు చేతకాలేదు. పది రోజులయ్యాక మాట్లాడదామన్నాను. ఇప్పటికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం, గీత అలాగే ఉంటుంది. ఈ కథలోనూ పెద్దవ్వ పేరు నేను రాయలేదు.

ఇది చదివినవాళ్లలో ముద్ద కమ్మరుల ఇళ్లవాళ్లెవరైనా ఉంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి. పేరు దొరికితే మాకు కబురు చేయండి. దొరకకపోయినా సరే. పెద్దవ్వ గురించి ఇంతసేపు విన్నారు, సంతోషం, ఆమెను నేను చూసుకుంటాను. మీరు మాత్రం వాళ్ల నాయనమ్మను గుర్తుపెట్టుకోండి.